వాటాలో పడ్డ రంపం మిషను

మా అన్నయ్య బసవపున్నారావు ఎవరినీ మోసం చెయ్యలేదని ముసునూరులో ఎవర్నడిగినా చెబుతారు. మోసం చెయ్యకుండానే ముంచడం తెలిసిన మనిషి ఆయన.

నాన్న పోయాక మామిడితోట పంచుకోవాల్సి వచ్చింది. చెల్లెలు సత్యవతి భూమి వద్దని సంతకం పెట్టేసింది. "తోట షెడ్డులో నాన్న రంపం మిషను ఉంది కదా, అది నడిచేట్టు చేసి అక్కడే నన్ను పని చేసుకోనివ్వండి, చాలు" అంది. చెక్కపని దానికి నాన్న దగ్గరే వచ్చింది. ఆగిరిపల్లిలో తేనెటీగలు పెంచే ఒకాయన అరవై పెట్టెలు చేసిపెట్టమన్నాడట.

"అలాగేలేమ్మా" అన్నాడు అన్నయ్య. నడిపించే పూచీ నాది అన్నాను నేను. ఏడో తరగతిలో బడి మానిపించి నాన్న నన్ను నిలబెట్టింది ఆ మిషను ముందే. మామిడికాయల పెట్టెలకి చెక్కలు కోసేవాళ్లం. ప్లాస్టిక్ ట్రేలు వచ్చాక పదిహేనేళ్లు అది తుప్పు తింటూ పడి ఉంది.

పంపకానికి పది రోజులు. బేరింగులు హనుమాన్ జంక్షన్‌లో దొరికాయి. కిరోసిన్ పోసి తుప్పు గీకాను. పైనొకటి, కిందొకటి పెద్ద చక్రాలు, వాటి చుట్టూ పట్టీలా తిరిగే రంపం బ్లేడు. చక్రాల మీది రబ్బరు ఎండి రాలిపోతే ట్రాక్టర్ ట్యూబు కోసి అంటించాను. స్విచ్ వేస్తే పది లెక్కపెట్టేలోపు బ్లేడు జారి పడేది. మళ్లీ ఎక్కించడం, మళ్లీ జారడం. అన్నం దగ్గర కూర్చున్నా చేతులు ఊరుకునేవి కావు. కంచం తిప్పుతూ కూర్చుంటే మా ఆవిడ లాక్కునేది.

"చిన్నన్నయ్యా, కాస్త కుదురుగా ఉండు. మిషను బదులు నువ్వు తిరుగుతున్నావు" అనేది సత్యవతి.

"నోర్ముయ్. ఆ స్పానర్ ఇటివ్వు."

పెద్దవాడు వాటాలు వెయ్యాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. అది పద్ధతి. షెడ్డు ముందు పెద్దమనుషులు కూర్చున్నాక అన్నయ్య కాగితం చదివాడు. ఒక వాటా, రోడ్డు పక్క ఎకరం ఇరవై సెంట్లు. రెండోది, వెనక ఎనభై నాలుగు సెంట్లు, షెడ్డు, అందులోని మిషను.

"మిషను సత్యవతిది కదా?" అన్నాను.

"బోల్టులేసి నేలకి బిగించింది షెడ్డుతోనే పోతుందిరా చిన్నోడా. ఆ వాటా నాకొస్తే పాత ఇనుం కొనే సలోమోనుకి వేసేసి, షెడ్డులో కోళ్లు పెడతా. ఆ డబ్బులు చెల్లికే ఇస్తాలే, నాకేం ఆశ?"

"అలాగేలేమ్మా అన్నావుగా దానితో?"

"అన్నాను. నడిస్తే కదా! నడుస్తోందా?"

ఎవరో కిసుక్కుమన్నారు. "కోరుకోవయ్యా, ఎండెక్కుతోంది" అన్నారు పెద్దమనిషి వెంకటకృష్ణారావు గారు.

నేను లేచి షెడ్డులోకి పోయాను. సత్యవతి మిషను పక్కనే నిలబడి ఉంది.

"రోడ్డు పక్కది తీసుకో చిన్నన్నయ్యా. పిల్లలున్నవాడివి" అంది. చెయ్యి మాత్రం మిషను మీంచి తియ్యలేదు.

బ్లేడు జారకుండా పై చక్రాన్ని వాల్చే మరమేకు అరచుట్టు తిప్పి స్విచ్ వేశాను. పది దాటింది. ఇరవై దాటింది. బ్లేడు అంచుదాకా జరిగి, అక్కడే వణుకుతూ తిరుగుతోంది. ఉంటుందో పడుతుందో తేలలేదు.

"ఏరా, తేల్చవేం?" బయట నుంచి అన్నయ్య కేక.

"షెడ్డు వాటా!" అని అరిచాను. మోతలో వాళ్లకి వినపడలేదు. మిషను ఆపి చెప్పొచ్చు, కానీ ఆపాలంటే భయమేసింది. గుమ్మంలోకి వచ్చి ఇంకోసారి అరిచాను.

ఆ రోజు బ్లేడు పడలేదు. సత్యవతి పెట్టెలు కోసుకుంటోంది. "వాడే కోరుకున్నాడు, నేనేమన్నా బలవంతం చేశానా?" అంటున్నాడట అన్నయ్య టీకొట్టు దగ్గర. చెయ్యలేదు. నేనే కోరుకున్నాను, రెండుసార్లు అరిచి మరీ. ఆయన వాటా కంటే నాకు తగ్గింది ముప్పై ఆరు సెంట్లు, అందులో కాపుకొచ్చిన చిన్న రసాల చెట్లు పధ్నాలుగు.