కూలరు గదిలో కొలంబైన్

ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన, తడి గుడ్డలో మూటకట్టిన నల్లటి గింజలు నెల్లాళ్లు ఉన్నాయి. పెళ్లికానుకగా కూనూరు నుంచి స్నేహితురాలు పంపిన కొలంబైన్ అనే కొండపూల విత్తనాలవి. చలి తగిలితేనే మొలకెత్తుతాయట. కరోనా ఏడాది నవంబరులో, ఇరవైమంది మధ్య పెళ్లి చేసుకుని సూరత్‌లో ఉధనా రైల్వే క్వార్టర్సుకు కాపురానికొచ్చిన ఉదయశ్రీకి ఆ మూట విప్పి చూసుకోవడమే రోజూ ఓ పండగ. భర్త ఫణికుమార్ గూడ్సు గార్డు. బళ్లు ఆగేవి కావు, అతను ఇంటిపట్టున ఉండేవాడు కాదు.

జనవరిలో కుండీలో చల్లితే మూడే మొలిచాయి. మార్చికి ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కదానికే ఆమె మురిసిపోయింది. ఆకులు కొత్తిమీరలా ఉన్నాయేమో, పక్కింటి నీలాబెన్ గోడ మీంచి తొంగిచూసి పప్పులోకి రెండు రెమ్మలు అడిగింది. ఉదయశ్రీ నవ్వి, కుండీని చున్నీ చాటు చేసుకుంది.

పువ్వు తల వంచుకుని వేలాడుతుందనీ, వెనకనుంచి చూస్తే ఐదు పావురాలు గుండ్రంగా కూర్చుని నీళ్లు తాగుతున్నట్టుంటుందనీ ఫోన్లో భర్తకు చెప్పింది. అవతల గురక వినిపించింది. అయినా కొత్త ఆకు సంగతి కూడా చెప్పేసి పెట్టేసింది. అది పూసిననాడు అతను పక్కన కూర్చుని చూడాలి. ఆమె కోరిక అంతే.

ఏప్రిల్లో అతనికి పాజిటివ్ వచ్చింది. ముందుగదిలో తలుపేసుకున్నాడు. ఆమె గడప దగ్గర కంచం పెట్టి వంటింట్లోకి వెళ్లాకే తీసేవాడు. దగ్గు వినిపిస్తే భయం, వినిపించకపోతే ఇంకా భయం. పెరట్లో ఎండకి కొలంబైన్ వాడిపోసాగింది. తడిగోనె కప్పినా తేరుకోలేదు. ఇంట్లో ఉన్న ఒక్క కూలరూ అతని గదిలో ఉంది.

కుండీ అటు వెళ్తే పద్నాలుగు రోజుల గడువు తీరేదాకా కంటికి కనపడదు. ఒక పూటంతా ఒళ్లో పెట్టుకు కూర్చుని, చివరికి కంచంతోపాటు దాన్నీ గడప దగ్గర పెట్టింది.

"రోజుకి ఒక్క గ్లాసేనండీ. నీళ్లు నిలవనివ్వకండి," అంది తలుపు ఇవతల నుంచి.

"ఉప్పూ కారం తెలియట్లేదు గానీ, గ్లాసు తెలుస్తుందిలే," అన్నాడు.

ఆకుల లెక్క ఇప్పుడతను చెప్పేవాడు, ఆమె వినేది. ఒక మధ్యాహ్నం లోపల అతను మొక్కతో ఏదో మాట్లాడుతుంటే విని, దానిమీద అసూయపడింది కూడా.

పదిహేనో రోజు తలుపు తెరుచుకుంది. చిక్కిపోయిన ముఖంతో అతను కుండీ అందించాడు. ఆకులన్నీ మాడి ముడుచుకుపోయి ఉన్నాయి.

"నా చేతులు తగిలినవి కదా, నీకంటుకుంటుందేమోనని నిన్న ఆకాకుకీ శానిటైజర్ కొట్టి తుడిచా, ఉదయా. ఇలా అవుతుందనుకోలేదు."

ఆమె కత్తెర తెచ్చి, మాడిన కాడలన్నీ మొదలు దాకా కత్తిరించింది. అతను పక్కనే కూర్చుని, ఒక్కో కాడనీ అందుకుని కాగితంలో పెట్టాడు. వారం తిరక్కుండానే డ్యూటీ పిలుపొచ్చింది. ఇల్లు మళ్లీ ఖాళీ అయింది.

అతను వెళ్లిన ఐదో రోజు మట్టి మధ్యలో నువ్వుగింజంత పచ్చదనం కనిపించింది. ఆమె వంగి వేలితో తాకబోయింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"బతికిందా?" అన్నాడు.

"ఫోన్లో చెప్పనండీ. వచ్చి చూసుకోండి."

అవతల ఇంజను కూత వినిపించింది. సెలవు పెడతానని అంటాడేమోనని ఆమె ఆగింది. సిగ్నల్ పడిందని, బండి కదులుతోందని మాత్రం అన్నాడు.