ఏడో పేరా

కరుణకుమారి మేడమ్‌కి కోపమొస్తే అబీద్ సెంటర్‌లో ఆటోలు పక్కకి తప్పుకుంటాయని ఆవిడ దగ్గర చదివిన వాళ్ళు చెప్పుకుంటారు. అబద్ధం. నర్సీపట్నంలో ఆటో ఎవరికీ తప్పుకోదు. కానీ ఆ వారం తప్పుకున్నాయంటే మాత్రం నమ్మొచ్చు. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కి అప్పటికి పది రోజులైంది.

సంగతేమిటంటే, మిషన్ స్కూల్లో పద్దెనిమిదేళ్ళు ఇంగ్లీషు చెప్పి మానేశాక ఆవిడ డీఎస్సీ రాసేవాళ్ళ కోసం ఒక యాప్ పెట్టింది. పేరు కరుణ టెస్ట్స్. కంప్యూటర్లు చదివిన అక్క కూతురు షైని దాన్ని తయారు చేసింది. ఫోన్లో మోడల్ పరీక్ష రాస్తే ఏది తప్పో, ఎందుకు తప్పో అక్కడికక్కడే కనిపిస్తుంది. కోచింగ్‌కి కొండ దిగి రాలేని చింతపల్లి వైపు పిల్లలు కూడా చేరారు. మూడేళ్ళకి నాలుగు వేల మంది అయ్యారు. ఆ యాప్ ఎవరికి కావాలన్నా ఫోన్లో ఉండే స్టోర్ లోంచే దించుకోవాలి. ఫీజు కూడా స్టోర్ ద్వారానే కట్టాలి. కట్టిన ప్రతి వందలోనూ స్టోర్ వాళ్ళు పదిహేను ఉంచుకుని మిగతాది ఈవిడకి పంపుతారు.

"దేవుడే పదో వంతు అడిగి ఊరుకున్నాడు. వీళ్ళు దేవుడి కంటే పెద్దోళ్ళా?" అని ఆవిడ చర్చి గుమ్మంలో నిలబడి అంది. పాస్టరు గారు విననట్టే చెప్పులు వెతుక్కున్నారు.

అని ఊరుకుంటే కరుణకుమారి ఎందుకవుతుంది? యాప్ అడుగున ఒక లైను పెట్టించింది. 'ఫీజు నేరుగా కట్టాలనుకుంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి.' బూతు కాదు, మోసం కాదు, సొంత ఫోన్ నంబరు. మూడో రోజుకి కరుణ టెస్ట్స్ స్టోర్ లోంచి మాయమైంది. డీఎస్సీ అప్పటికి ఇరవై రెండు రోజులుంది. పాత ఫోన్లలో యాప్ బొమ్మ కనిపిస్తుంది, నొక్కితే కొత్త పరీక్ష తెరుచుకోదు, ఫీజు కట్టే దారి లేదు. కారణం అడిగితే నియమం ఉల్లంఘించారని మెయిల్ వచ్చింది. మళ్ళీ అడిగితే అదే మెయిల్, కామా కూడా మారకుండా వచ్చింది. పదకొండు సార్లు అడిగింది, పదకొండు సార్లూ అదే. ఒక్క మనిషి గొంతు వినిపిస్తే కసితీరా తిట్టుకునేది, ఆ భాగ్యం కూడా లేకపోయింది.

ఇక్కడ ఇంకో చిన్న విషయం చెప్పాలి. ఆవిడ లెక్కలో అది చాలా చిన్నదే. యాప్‌లో ఇంగ్లీషు పరీక్షలు ఆవిడవి, లెక్కలు నారాయణమూర్తి మాస్టారివి. ఆయన యలమంచిలిలో హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. రెండేళ్ళపాటు మూడు వేల రెండు వందల లెక్కలు వివరణలతో సహా చేత్తో రాసి, ఆ నోటు పుస్తకాలు గుడ్డసంచిలో పెట్టుకుని బస్సెక్కి తెచ్చిచ్చారు. నిజం చెప్పాలంటే పిల్లల్లో సగం మంది ఫీజు కట్టేది ఆ లెక్కల కోసమే. లెక్కల పరీక్షల మీద వచ్చిన వందలో ముప్పై ఐదు మేడమ్ ఉంచుకుని మిగతాది మాస్టారికిచ్చేది. రెండు నెలల కింద ఆయన ఒక వివరణ చివర 'అర్థం కాకపోతే నాకు ఫోన్ చేయండి' అని తన నంబరు రాశారు. షైని చూసి చెప్పింది. ఆ సాయంత్రమే మేడమ్ ఆయన లాగిన్ తీసేయించింది. లెక్కలు మాత్రం యాప్‌లోనే ఉన్నాయి, ఒప్పందం అలా ఉంది మరి. మాస్టారు ఆరుసార్లు ఫోన్ చేశారు. ఆవిడ ఎత్తలేదు. 'ఒప్పందం ఒకసారి చదువుకోండి' అని మెసేజ్ పెట్టింది.

"నేను కష్టపడి పిల్లల్ని పోగేస్తే, ఈయన మధ్యలో సొంత కొట్టు పెట్టుకుంటారా?" అని షైనితో అంది. అక్కడితో ఆ విషయం మర్చిపోయింది.

సరే, స్టోర్ సంగతికి వద్దాం. పెద్ద కంపెనీల పెత్తనం మీద ఫిర్యాదులు చూసే ఢిల్లీ కాంపిటీషన్ కమిషన్ వాళ్ళు ఆ స్టోర్ మీద దర్యాప్తు పెట్టారు. చిన్న యాప్‌ల వాళ్ళు తమకి జరిగింది ప్రమాణపత్రంగా రాసి, నోటరీ చేయించి, స్కాన్ తీసి శుక్రవారం మధ్యాహ్నం లోపు మెయిల్లో పంపమన్నారు.

"పిన్నీ, ఇలాటి కాగితాలు గట్టిగా పడితే దర్యాప్తు అయ్యేలోగానే యాప్‌లు వెనక్కి పెట్టమని ఆర్డరు ఇవ్వొచ్చంట," అంది షైని. "మనకి మిగిలిన దారి ఇదొక్కటే. కోపం నీకు తెలుగులోనే బాగా వస్తుంది. తెలుగులో రాయించెయ్యి, ఇంగ్లీషు చేసి నేను జత పెడతాను."

సోమవారం నాడు మేడమ్ కోర్టు వీధిలో సింగన్న టైపు కొట్టుకి వెళ్ళింది. సింగన్న ఇరవై ఆరేళ్ళుగా ఆ వీధిలో కాగితాలు కొడుతున్నాడు. ఒకసారి కొట్టిన మేటరు పారేయడమన్నది ఆయనకి తెలీదు. రామాయమ్మ అనే ముసలావిడ దానపత్రం ఒకటి ఎప్పుడో కొట్టాడట. అదే పేర్లు మార్చుకుంటూ డెబ్భై మందికి దానపత్రమైందని ఆ వీధిలో నవ్వుకుంటారు.

మేడమ్ చెబుతూ పోయింది, సింగన్న కొడుతూ పోయాడు. ఆరు పేరాలు ఊరు, పేరు, తేదీలతో మామూలుగా గడిచాయి. ఏడో పేరాకి ఆవిడ గొంతు మారింది.

"నా కష్టాన్ని నా పిల్లల దగ్గరికి చేర్చే దారి సదరు స్టోర్ వారి చేతిలో ఉంది. ఆ దారి వారు వేసిందే, కాదనను. దారి వేసినందుకు కూలి తీసుకోవడం వేరు, నా నోరు నొక్కడం వేరు. నా ఫోన్ నంబరు నా పిల్లలకి చెప్పుకున్నందుకు నన్ను తీసేశారు. తీసేసే ముందు ఒక్క మాట అడగలేదు. నేను అడిగితే నియమం చదువుకోమన్నారు. నన్ను బయటికి గెంటి నా కష్టం మాత్రం వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు. నేను లేకపోతే వాళ్ళ దారిలో నడిచేవాళ్ళు లేరన్న సంగతి వాళ్ళకీ తెలుసు."

సింగన్న కీబోర్డు మీంచి చేతులు తీసి, "మేడమ్, ఇది బాగొచ్చిందండి," అన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తన జీవితంలో అంత బాగా ఎప్పుడూ రాయలేదని ఆవిడకీ అనిపించింది. చిత్తు ప్రతి పట్టుకెళ్ళి చూసుకుని, గురువారం సాయంత్రం ఐదింటికి వచ్చి నోటరీ దగ్గర సంతకం పెడతానని చెప్పి వెళ్ళింది.

గురువారం సాయంత్రం నాలుగింటికి, ఆవిడ పాఠాలు చెప్పే కోచింగ్ హాలుకి స్పీడ్ పోస్టులో ఒక కవరు వచ్చింది. పంపింది నారాయణమూర్తి మాస్టారు. నోటీసు. తన లాగిన్ వెనక్కివ్వాలి, లేదా తన లెక్కలు వెనక్కివ్వాలి, పదిహేను రోజుల గడువు, ఆ తర్వాత కోర్టు. ఆవిడ నిలబడే చదవడం మొదలుపెట్టింది. మొదట్లో నవ్వింది. ఏడో పేరా దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

'నా కష్టాన్ని నా పిల్లల దగ్గరికి చేర్చే దారి సదరు కరుణకుమారి గారి చేతిలో ఉంది. ఆ దారి వారు వేసిందే, కాదనను. దారి వేసినందుకు కూలి తీసుకోవడం వేరు, నా నోరు నొక్కడం వేరు.'

అక్షరం పొల్లుపోకుండా అంతా ఉంది. ఇంకా కిందకి పోతే, తొమ్మిదో పేరాలో ఒకచోట ఆవిడ పేరు పెట్టడం మర్చిపోయారు. 'సదరు స్టోర్ వారు' అనే ఉండిపోయింది.

ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. రాయడానికి నాలుగు మాటలు సొంతంగా దొరకని మనిషి తన కన్నీళ్ళు దొంగిలించాడని మండింది. పిల్లలకి పరీక్ష పేపరిచ్చి, ఆ నోటీసు పట్టుకుని స్కూటీ మీద కోర్టు వీధికి వెళ్ళింది. కొట్టు ముందు బల్ల మీద నారాయణమూర్తి మాస్టారే కూర్చుని ఉన్నారు, ఒళ్ళో గుడ్డసంచితో. ఆయన్ని దాటుకుని లోపలికెళ్ళి నోటీసు సింగన్న కీబోర్డు మీద పడేసింది.

"నా మాటలు ఎంతకమ్మావు సింగన్నా?"

సింగన్న కాగితం తీసి చూసి, "అమ్మడం ఏటుంది మేడమ్," అన్నాడు నింపాదిగా. "మంగళవారం మాస్టారొచ్చి తన కత సెప్పారు. నాను యిన్నాను. యింటంటే, ఇది నిన్ననే కొట్టినాను కదా అనిపించింది. మీ ఫైలు తీసి పేర్లు మార్చినాను. మరేటీ ముట్టుకోలేదు."

"ఏమీ ముట్టుకోలేదా?"

"అంకె మార్చినానండి. పదిహేను తీసి ముప్పై ఐదు పెట్టినాను."

మేడమ్ వెనక్కి తిరిగింది. మాస్టారు లేచి గుమ్మంలోకి వచ్చారు.

"సిగ్గు లేదా మాస్టారూ? వేరేవాళ్ళ కాగితం మీద సంతకం పెట్టడానికి?"

"ఎవరి కాగితమో నాకు తెలీదు మేడమ్. సింగన్న సదివి వినిపిస్తే, నా కడుపులో మంట ఇంత బాగా ఎవరు సెప్పారా అనుకున్నాను. సంతకం పెట్టేక, అవి మీ మాటలని సెప్పేడు." ఆయన గొంతు పెంచలేదు. "ఆరుసార్లు ఫోన్ సేశాను. మిషను జవాబిచ్చిందని మీరు ఏడుస్తున్నారు. నాకు మీరే ఇచ్చారు ఆ జవాబు."

"నేనూ ఆ కంపెనీ ఒకటేనా? స్కూటీలో పెట్రోలు పోయించుకోడానికి కూడా లెక్క చూసుకునేదాన్ని నేను."

"మీరు పోయించుకున్న పెట్రోల్లో నా లెక్కలున్నాయి మేడమ్."

ఆయన్ని ఆ క్షణంలో ఆవిడ స్టోర్ కంటే ఎక్కువ అసహ్యించుకుంది. స్టోర్‌కి మొహం లేదు. ఈయనకి ఉంది, అది ఎదురుగా నిలబడి తననే చూస్తోంది. ఆవిడ కుర్చీ లాక్కుని సింగన్న పక్కన కూర్చుంది.

"ఏడో పేరా తీసెయ్. నా కాగితంలోంచి. బేగి."

సింగన్న తీసేశాడు. పైకీ కిందకీ ఒకసారి జరిపి చూశాడు. "మేడమ్, ఇది తీసేస్తే ఇంక మీ పేరు, ఊరు, తేదీలు, పదిహేను అన్న అంకె మిగిలినాయి. వాళ్ళు మిమ్మల్నేటి సేసేరో ఇందులో లేదు."

నిజమే. ఆవిడ తెర వైపు చూసింది. నియమం ఉల్లంఘించారు అన్న మెయిల్ లాగే ఉంది ఆ కాగితం. దీన్ని పంపినా ఒకటే, మానినా ఒకటే. డీఎస్సీ ఇంక పన్నెండు రోజులుంది. ఆ వెలితి చూసి స్టోర్ వాళ్ళు ఎక్కడో చల్లటి గదిలో నవ్వుకుంటారన్న ఊహకే ఆవిడకి పళ్ళు బిగుసుకున్నాయి.

"తియ్యకండి మేడమ్," అన్నారు మాస్టారు గుమ్మంలోంచి. "అలాగే సంతకం పెట్టండి. మీరు గెలవాలనే నా కోరిక. మీరు గెలిస్తే ఆ ఆర్డరు కాపీ నా కాగితానికి జత సేస్తాను."

"బెదిరిస్తున్నారా?"

"నిజం సెప్తున్నాను."

ఎదురు గదిలోంచి నోటరీ మన్మథరావు గారు ముద్రల డబ్బా పట్టుకుని వచ్చారు. "ఐదు దాటింది మేడమ్. నాకు అనకాపల్లి బస్సుంది. పెడతారా, రేపు చూద్దామా?"

రేపు శుక్రవారం. షైని రేపు మధ్యాహ్నానికల్లా ఢిల్లీకి మెయిల్ పెట్టాలి. ఆవిడ మాస్టారి వైపు చూడకుండా, "పెట్టెయ్ సింగన్నా. ఏడో పేరా మళ్ళీ పెట్టి ప్రింటు తీయి," అంది.

తొమ్మిది కాగితాలు వేడిగా బయటికి వచ్చాయి. తొమ్మిదింటి మీదా సంతకం పెట్టింది. ఏడో పేరా ఉన్న కాగితం మీద కలం కొంచెం గట్టిగా నొక్కింది, కాగితం చిరగలేదు. మన్మథరావు గారు ముద్ర సిరాలో అద్ది, అందర్నీ అడిగేదే తల ఎత్తకుండా ఆవిడనీ అడిగారు.

"ఇందులో రాసిందంతా మీకు తెలిసినంతలో నిజమేనా?"

ఈ ప్రశ్నకి ఆయన ఎప్పుడూ జవాబు కోసం ఆగరు. ఆ రోజు కూడా చెయ్యి కాగితం మీదకి వెళ్ళిపోయేదే. కానీ ఆవిడ నోరు తెరిచి ఏదో అనబోయి ఆగింది, అది చూసి ఆయన చెయ్యీ ఆగింది. మాస్టారు సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నారు.

"నిజమే," అంది ఆవిడ.

"ఏటన్నారు? ఫ్యాను గోలలో వినపళ్ళేదు," అన్నారు నోటరీ గారు.

"నిజమేనండి. ప్రతి మాటా నిజమే."

మన్మథరావు గారు ముద్ర వేసి, తేదీ రాసి, బస్సుకి పరుగెత్తారు. ఆవిడ కాగితాలు సర్దుకుంటోంది. అన్నీ కవర్లో పెట్టి, కవరు రొమ్ముకి ఆనించుకుంది. మాస్టారు లోపలికి వచ్చి, తన నోటీసు నకలు సంచిలోంచి తీసి సింగన్న ముందు పెట్టారు.

"సింగన్నా, తొమ్మిదో పేరాలో స్టోర్ అని ఒకటి ఉండిపోయింది చూడు. కోర్టుకి ఇచ్చే కాపీలో అది దిద్దు."

"ఏటి పెట్టమంటారు మాస్టారూ?"

"ఇప్పుడే విన్నావు కదా. మేడమ్ గారి పేరు పెట్టు."

సింగన్న ఒకసారి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ స్కూటీ తాళం తీసుకుని గుమ్మం వైపు నడిచింది. ఆయన కీబోర్డు ముందుకి లాక్కున్నాడు.