మంచె మీది కేక

మా ఇంట్లో మిక్సీ ఉండేది వంటింట్లో కాదు, బేస్‌మెంట్‌లో, బట్టలుతికే మెషిన్ పక్కన. నాన్న ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తారు. మీటింగ్‌లో ఉండగా పచ్చడి రుబ్బే చప్పుడు అవతలివాళ్ళకు వినబడకూడదు. అందుకని అమ్మ కొబ్బరీ పచ్చిమిరపకాయలూ గిన్నెలో వేసుకుని మెట్లు దిగుతుంది, మిక్సీకి తువ్వాలు చుట్టి రుబ్బుతుంది, మళ్ళీ మెట్లెక్కుతుంది. ఆ తర్వాత హాస్పిటల్ వంటశాలలో డ్యూటీకి బస్సెక్కుతుంది. "వాసంతీ, గిన్నెలు మెల్లగా." "వాసంతీ, ఫోన్లో మీ అమ్మతో ఆ అరుపులేంటి? ఇది ఊరనుకున్నావా?" అంటూనే ఉంటారు నాన్న. కెనడాలోని ఈ హామిల్టన్ వచ్చిన ఏడాదిలో అమ్మ గొంతు గుసగుస అయిపోయింది. నాది మొదటినుంచీ అంతే. ఊరి బళ్ళో హాజరు పలికినా సార్‌కు వినబడేది కాదు. ఇక్కడి స్కూల్లో ఇంగ్లీషు భయంతో ఆ పలకడం కూడా పోయింది. నా మాటలన్నీ డైరీలోనే.

అమ్మ గట్టిగా నవ్వేది లూపే ఆంటీ దగ్గరే. ఆవిడది మెక్సికో. అమ్మతో పాటు రోగుల భోజనం ట్రేలు సర్దుతూ, ఫోన్లో వాళ్ళ ఊళ్ళ బ్యాండు పాటలు పెడుతుందట. మెడకు తగిలించుకుని వాయించే హార్మోనియం లాంటి అకార్డియన్, డోలు, ఒంటికి చుట్టుకునే పెద్ద ఇత్తడి బూర. "మన పెండ్లి బ్యాండు లెక్కనే ఉంటది బిడ్డా. కాకపోతే ఏడుపు పాటకు గూడ కాళ్ళు ఆడుతయ్" అంది అమ్మ.

పోయిన శనివారం లూపే ఆంటీ కూతురికి పదిహేనేళ్ళు నిండిన పండుగ. చర్చి హాల్లో అసలు బ్యాండే వచ్చింది, వెడల్పు టోపీలతో, పూలు కుట్టిన కోట్లతో. "అరగంటే" అని నాన్న మాతో వచ్చి ఫోన్ చూస్తూ కూర్చున్నారు.

పాట మధ్యలో గాయకుడు ఆగాడు. వెనక ఒక ముసలాయన తల వెనక్కి వాల్చి పొడుగ్గా కేక పెట్టాడు. పాట గుండెకు తగిలితే వినేవాళ్ళు అలా కేక పెట్టాలట. ఎవరూ పెట్టకపోతే బ్యాండుకు చిన్నతనమట. లూపే ఆంటీ కూడా ఒకటి పెట్టి, అమ్మను మోచేత్తో పొడిచింది. "వాసంతీ, నౌ యూ!"

"కూర్చో" అన్నారు నాన్న, ఫోన్ నుంచి తలెత్తకుండానే. "మనవాళ్ళెవరైనా చూస్తే బాగుండదు."

అమ్మ ఆయన వైపు చూసింది. నా వైపు చూసింది. లేచి, నోటికి రెండు వైపులా అరచేతులు దొన్నెలా పెట్టుకుంది. నాకు అప్పుడే తెలిసిపోయింది. చిన్నప్పుడు మామయ్యలు బడికి పోతే జొన్నచేను కాపలా అమ్మదేనని అమ్మమ్మ ఎన్నోసార్లు చెప్పింది. మంచె మీద నిలబడి పిట్టల్ని తోలే కేక అది.

"హోఓఓఓ!"

ఎక్కడా వణకలేదు. హాలు దాటి, బయటి కార్ల దాకా పోయి ఉంటుంది. అకార్డియన్ ఆయన ఆ కేక తెగకముందే దాని శ్రుతి అందుకుని పాట ఎత్తుకున్నాడు. గాయకుడు టోపీ తీసి అమ్మకు వంగి దండం పెట్టాడు. పక్క బల్ల దగ్గరి అమ్మాయి "ఎవరావిడ?" అని అడిగింది.

"మై మామ్" అన్నాను. కెనడా వచ్చాక నేను గట్టిగా అన్న మొదటి మాట అదే.

కార్లో నాన్న ఊరుకోలేదు. "పరువు తీశావు. నలుగురిలో పిట్టల్ని తోలుతున్నావా?"

"అవును, పిట్టల్నే తోలిన. మా చేన్ల ఒక్క కంకి పోనియ్యలే." అమ్మ అది గుసగుసగా అనలేదు.

నాన్న అద్దంలోంచి నన్ను చూశారు. "అనన్యా, నువ్వన్నా చెప్పు మీ అమ్మకి." ఎప్పుడూ ఇంతే. వాదన చివర నన్ను సాక్ష్యానికి పిలుస్తారు, నేను మాట్లాడను, ఆయన గెలుస్తారు.

"అమ్మా, ఆ కేక నాకూ నేర్పవా?" అన్నాను.

ఇంటి దాకా అమ్మ వేళ్ళతో ఒడిలో దరువు వేస్తూనే ఉంది.

సోమవారం పొద్దున అమ్మ గిన్నె పట్టుకుని మెట్ల వైపు నడిచేసరికి, నేను మిక్సీ ఎత్తుకుని ఎదురుగా పైకి వస్తున్నాను. వంటింటి గట్టు మీద ఠక్కున పెట్టి తువ్వాలు విప్పాను. అమ్మ గిన్నె నా చేతికిచ్చింది. మీటింగ్ గదిలోంచి నాన్న "ఏంటా చప్పుడు?" అన్నారు.

"ఇంకా మొదలవలేదు నాన్నా" అని గదిలోకి వినబడేలా చెప్పి, స్విచ్ వేశాను.