హొన్నమ్మ తల్లిగారోళ్లు

జహీరాబాదుల రైలుపట్టాలు దాటి అవతలికి పోతే ఎర్రమట్టి గుట్ట ఒకటి ఉంటది. ఆ గుట్ట మీద హొన్నమ్మ గుడి. గుడంటే ఏదో అనుకునేరు. మనిషి వంగి దూరేటంత దర్వాజ, లోపట పసుపు రాసిన రాయి, ఆ రాయికి రెండు వెండి కండ్లు, గంతే. అయినా చుట్టూ పది ఊర్లోళ్లకు ఆమె మాటంటే మాటే.

హొన్నమ్మ ముచ్చట గిట్ల చెప్తరు. ఆమె కన్నడ దిక్కు పిల్ల. అత్తగారింటికి నడిచిపోతా పోతా ఎండకు సొమ్మసిల్లి గుట్ట కింద ఒక చేన్ల కూలబడ్డది. చేనుగలామె చెంబెడు నీళ్లు తాగిచ్చి, "ఎవలింటి బిడ్డవే తల్లీ?" అని అడిగిందంట. "నీ బిడ్డనే అనుకో" అన్నదంట పిల్ల. లేచి గుట్టెక్కింది, మల్ల దిగలే. అప్పటిసంది ఆ చేనుగల ఇంటోళ్లే అమ్మవారికి తల్లిగారోళ్లు. ఏటా శ్రావణంల జాతరనాడు ఆ ఇంటి కోడలు నూలుచీర, గాజులు, పసుపు కలిపిన బియ్యం ఐదు సేర్లు నెత్తిన పెట్టుకొని గుట్టెక్కాలె. పెండ్లైన ఆడబిడ్డకు పోసినట్టే హొన్నమ్మకు ఒడిబియ్యం పొయ్యాలె. ఎంత ఉన్నోళ్లు పట్టుచీరలు తెచ్చినా సరే, ఈ నూలుచీర కట్టినంకనే తక్కినయి.

మహాదేవమ్మ ఇరవై రెండేండ్లు ఆ పని చేసింది. "పెద్దబిడ్డను గుట్ట మీద ఇచ్చిన, చిన్నబిడ్డను న్యాల్‌కల్‌ల ఇచ్చిన" అని నవ్వుకుంట చెప్పుకునేది. చిన్నబిడ్డ శాంతమ్మ. ఒక్కతే సంతానం.

ఆ శాంతమ్మ పెండ్లైన ఐదో ఏడు, పందొమ్మిదొందల డెబ్బై రెండు. ఒడిబియ్యం బేసి ఏండ్లల్లనే పోస్తరు, మూడో ఏడు, ఐదో ఏడు గట్ల. ఐదో ఏడు దాటితే మల్ల ఏడో ఏడు దాంక ఆగాలె. అండ్ల శాంతమ్మ నీళ్లోసుకున్నది. అంతకుముందు రెండు కడుపులు నిలవక పోయినయి, ఈ మూడోది నిలిచింది. తొలికాన్పు తల్లిగారింట్లనే కావాలె. అత్త అనంతమ్మ కట్టుబాటు మనిషి. "ఐదో ఏటి ఒడి పోసి దర్జాగ తీస్కపోన్రి, ఉత్తగ పంపుత అంటే మా ఇంటి మర్యాద ఏంగావాలె" అని ముందే చెప్పి పెట్టింది. మహాదేవమ్మకు ఆ మాట తప్పనిపించలే. బిడ్డను కండ్లతోటి చూసి రెండేండ్లు కావొస్తున్నది, శ్రావణం ఎప్పుడొస్తదా అని ఎదురుచూస్తనే ఉండె.

ఎందుకంటే ఆ ఇంట్ల ముందు హొన్నమ్మ ఒడి నిండాలె. అది కానిదే ఇంటి ఆడబిడ్డ ఎవతెకూ ఆ ఏడు ఒడి పొయ్యరు. ఇంకొకటున్నది, చినుకు పడని ఊర్ల అమ్మవారికి ఒడి పొయ్యరు. ఎండిన ఒడిల ఏం పోస్తరు అంటరు పెద్దలు. ఆ ఏడు చినుకు పడలే. శ్రావణం పోయింది, పొలాలమాస పోయింది. బాయిల అడుగు కనబడ్డది. జొన్న మొలిచినకాడనే మాడింది. రేషన్ దుకాణం కాడ ఎర్రజొన్నలకు పొద్దుగాల్నే వరుసలు కట్టిన్రు.

బస్వమ్మ అని గాజులమ్మే ఆమె ఉండేది. జహీరాబాదుల సరుకు గంపకెత్తుకొని న్యాల్‌కల్ దిక్కు ఊరూరు తిరిగేది. ఒక అంగడినాడు ఆమె మహాదేవమ్మ వాకిట్ల గంప దించింది.

"అక్కా, నీ బిడ్డకు గాజులేసొచ్చిన. నా చెయ్యి ఇడువలే పిల్ల. ఒడిబియ్యం లేకున్నా మంచిదే, మా అమ్మను ఒక్కపారి వచ్చి నన్ను తీస్కపొమ్మను అన్నది. చెయ్యి సన్నగైంది. పోయినేటి గాజులు మోచేతి దాంక జారుతున్నయి."

మహాదేవమ్మ కొంగుతోటి కండ్లు తుడుచుకున్నది. గాని నోట్లకెల్లి వచ్చిన మాట వేరే. "జరాగమని చెప్పు బస్వమ్మా. అమ్మ ఒడి నిండిన తెల్లారే దాని ఒడి నింపి బండిల తీస్కొస్త." చేతికి ఒక బెల్లం ముద్ద, సీసాల కుసుమనూనె ఇచ్చి పంపింది.

పెనిమిటి గురులింగప్ప అంతా ఇన్నడు. మాట తక్కువ మనిషి. రొట్టె తునిమి పక్కకు పెట్టి అన్నడు, "బండి కడ్త. పోయి తీస్కొద్దాం. హొన్నమ్మకు చెప్పుకుంటే అర్థం చేసుకోదా?"

"నువ్వూకో. మొదలు రెండు పోయినయి. ఈ కడుపు ఆమె ఇచ్చిందే. ఆమె వంతు దాటి నా బిడ్డ ఒడి నింపితే, ఇచ్చిన చెయ్యే మల్ల తీస్కుంటే ఏం చేస్తవు?"

గురులింగప్ప లేచి పశువుల కాడికి పోయిండు. మహాదేవమ్మది బిడ్డ మీద ప్రేమ లేక కాదు, అది తెలుసుకోన్రి. ఉన్న ప్రేమంతా భయమై కూసున్నది. దానికితోడు ఇరవై రెండేండ్లు ఊరంత "అమ్మవారి తల్లి" అని పిలిచి పిలిచి ఆమెను కదలకుంట చేసిన్రు.

దసరా దాటినంక ఒక రాత్రి ఎవలూ అనుకోని వాన దంచింది. పంటకు పనికిరాలే గాని బాయిలల్ల నీళ్లు మెరిసినయి. తెల్లారి గుడి పెద్ద చెన్నబసప్ప వచ్చిండు. గురులింగప్పకు సొంత అన్న. "అమ్మా మాదేవమ్మా, తొమ్మిది దినాలకు జాతర పెట్టినం. బియ్యం కలుపు" అన్నడు. మహాదేవమ్మకు పానం లేచొచ్చినట్టయింది. దాచి పెట్టిన ఐదు సేర్ల బియ్యం చాటల పోసి, నూనె, పసుపు కలిపింది. ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, పసుపు కొమ్ములు వేసింది. పచ్చ నూలుచీర మడిచి మీద పెట్టింది.

బియ్యం కలిపినంక ఇంకో కట్టుబాటు మొదలైతది. జాతర దాంక అమ్మవారి తల్లి ఊరి పొలిమేర దాటద్దు. తల్లి కోసం బిడ్డ గుట్ట మీదికెల్లి చూస్తుంటదట. తల్లి కనబడకపోతే ఎతుక్కుంట ఊరిడిసి పోతదట.

మూడో నాడు బస్వమ్మ మల్ల వచ్చింది. ఈసారి గంప కూడ దించలే.

"అక్కా, శాంతకు కండ్లు పచ్చగైనయి. ఏదో ఆకు పసరు పోస్తున్నరు. నువ్వు పోవాలె."

మహాదేవమ్మ చెప్పులు కూడ తొడగలే. బజారెంట, పట్టాలెంట నడిచింది, పొలిమేర రాయి దాంక పోయింది. రాయికి అవతలనే న్యాల్‌కల్ బస్సు ఆగేది. వెనుకకెల్లి చెన్నబసప్ప గబగబ వచ్చిండు.

"అమ్మా, ఆగు. ఇంకెన్నొద్దులున్నయి, ఆరే గదా. కామెర్లు ఎంతమందికి రాలే, ఎంతమందికి పోలే. ఇంత కరువుల అమ్మ ఇప్పుడిప్పుడే కనికరించింది. ఊరంత మన్నైతే ఆ పాపం మోస్తవా?"

ఆమె రాయి కాడ నిలబడ్డది. బస్సొచ్చింది, ఆగింది, కండక్టరు "ఎక్కుతవా అమ్మా" అని అడిగిండు. ఆడ ఉన్నోళ్లల్ల ఒక్కలన్నా ఆమె రెక్క పట్టి బస్సెక్కిస్తే ఎంత బాగుండు. ఎక్కియ్యలే. బస్సు పోయింది. మహాదేవమ్మ ఇంటికి మర్లొచ్చి, "నువ్వన్న పో, పిల్లను పెద్ద దవాఖానకు తీస్కపో" అని పెనిమిటిని తోలింది. గురులింగప్ప ఆ మాట కోసమే కాచుకొని ఉన్నట్టు అప్పుడే పోయిండు.

ఆమె మూడొద్దులు సరిగ బువ్వ తినలే. పొద్దుమీకి గుట్ట దిక్కు చేతులు జోడించి, "దాన్ని చూసుకో తల్లీ, నీ చెల్లెనే గదా" అని అడిగేది. ఇంకేం అడుగుతది.

ఆరో నాడు పొద్దుతిరిగినంక బస్సు దిగి బస్వమ్మ నడిచొస్తుంటే, దూరంకెల్లే మహాదేవమ్మకు తెలిసిపోయింది. గంప లేదు. గాజులమ్మే మనిషి గంప లేకుంట ఎందుకొస్తది.

"తెల్లారంగ పోయింది అక్కా. కడుపుల పిల్ల కూడ పోయింది. గురులింగప్ప బావ దవాఖానకు తీస్కపోయిండు గాని ఆలస్యమైందన్నరట. ముత్తైదువ కదా, తల్లిగారి చీర వచ్చేదాంక ఆపిన్రు."

మహాదేవమ్మ ఏడ్వలే. ఇంట్లకు పోయి, దేవుని గూట్ల పెట్టిన చాట ఎత్తింది. పసుపు బియ్యం మూటగట్టింది. పచ్చచీర చంకల పెట్టుకున్నది. బయటికొచ్చేసరికి చెన్నబసప్ప వాకిట్ల ఉండె. ఆయన కండ్లు కూడ ఎర్రగున్నయి, తమ్ముని బిడ్డనాయె. అయినా మూట చూసి చేతులు అడ్డం పెట్టిండు.

"అది అమ్మవారి బియ్యం మాదేవమ్మా. పిల్లను ఇచ్చినంక ఆమె వాళ్లింటి మనిషి, మనకు మైల లేదు. పొలిమేర మాట అమ్మకు నేను చెప్పుకుంట, పోయి కండ్లచూపు చూసి రా, తానం చేసి మూడొద్దులకు గుట్టెక్కుదువు. బియ్యం మాత్రం ఈడ పెట్టు. అది పట్టుకొని పొలిమేర దాటినవంటే మల్ల నువ్వు అమ్మవారి తల్లివి కావు."

"బావా," అన్నది మహాదేవమ్మ. ఇరవై రెండేండ్లల్ల ఆయన ముంగట కొంగు జారనియ్యని మనిషి, ఆనాడు కొంగు నేల మీద ఈడ్సుకపోతున్నది. "గుట్ట మీది అమ్మకు పది ఊర్ల తల్లులున్నరు. నా బిడ్డకు నేనొక్కదాన్నే ఉంటి. నన్ను రమ్మన్నది. నేను పోలే."

చెన్నబసప్ప చేతులు దింపిండు. బస్వమ్మ, మహాదేవమ్మ బస్సెక్కిన్రు. పొలిమేర రాయి ఎప్పుడు దాటిందో కూడ ఆమె చూడలే.

న్యాల్‌కల్ చేరేసరికి పొద్దు వాలుతున్నది. వాళ్లు లింగం కట్టుకునేటోళ్లు, మనిషిని కాలబెట్టరు, పండబెట్టరు. కూసోబెట్టి మన్నుల పెడ్తరు. అనంతమ్మ వాకిట్లనే ఎదురొచ్చింది. రెండు చేతులతోటి వియ్యపురాలి కాళ్లు పట్టుకున్నది. "వదినే, నేనే పంపకపోతి, ఉత్తగనే పంపితే ఏమైతుండె" అని నెత్తి కొట్టుకున్నది. ఆమెను తిట్టెటందుకు మహాదేవమ్మ దగ్గర నోరు లేదు. ఇద్దరు చేసింది ఒకటే తప్పు.

పచ్చచీర కట్టిన్రు. ఈబూది పెట్టిన్రు. ఊరి బయట చేన్ల తవ్విన గుంతల శాంతమ్మను బాసిపట్టు వేసి కూసోబెట్టిన్రు. అల్లుడు శరణప్ప గడ్డమీద మోకాళ్ల మధ్య మొఖం పెట్టుకొని కూసున్నడు. జంగమయ్య మంత్రం మొదలువెట్టబోతుంటే, మహాదేవమ్మ మూట పట్టుకొని గుంతలకు దిగింది. ఆయన పక్కకు జరిగిండు.

పీట మీద కూసున్న ఆడబిడ్డ ఒడి ఎట్లుంటదో శాంతమ్మ ఒడి గట్లనే ఉండె. "కొంగు పట్టు బిడ్డా" అన్నది తల్లి అలవాటుకొద్ది. పట్టే చేతులు పడిపోయి ఉన్నయి. అప్పుడు అనంతమ్మ దిగింది. కోడలి పక్కన కూసొని పచ్చచీర కొంగు రెండు చేతులతోటి సాపింది. మహాదేవమ్మ దోసిళ్లతోటి పోసింది. ఒక సేరు, రెండు, మూడు, నాలుగు, ఐదు. కుడుకలు పెట్టింది. పోకలు పెట్టింది. ఎత్తుగున్న కడుపు మీద అరచెయ్యి పెట్టి ఒక్క నిమిషం ఉంచింది. గడ్డమీదున్న ఆడోళ్లు చూడలేక మొఖాలు తిప్పుకున్నరు.

ఒడి నిండినంక బిడ్డ చెయ్యవలసిన పని ఒకటి ఉంటది. తన ఒడిలకెల్లి మూడు పిడికిళ్ల బియ్యం తీసి మల్ల తల్లి కొంగుల పెడ్తది. తల్లిగారిల్లు వట్టిగ పోవద్దని. మహాదేవమ్మ తన కొంగు సాపి బిడ్డ ముంగట నిలబడ్డది. నిలబడ్డది, నిలబడ్డది. పారలు పట్టుకున్నోళ్లు ఆగిన్రు.

ఆఖరుకు గురులింగప్ప గుంతలకు దిగి ఆమె భుజం మీద చెయ్యేసిండు. "పా మాదేవీ, పొద్దుగుంకుతున్నది."

"జరాగు," అన్నది మహాదేవమ్మ, కొంగు దించకుంట. "ఇంకా పెట్టలే."