అక్క పాదాల కొలత

మెట్ల మీద అడుగులు వినబడినప్పుడల్లా తమ్ముడి చేతిలో తోలు కుట్టే ఆరె ఆగిపోయేది. అవి నాన్న అడుగులు. నాన్న పోయి ఆరేళ్ళు. తలుపు తెరుచుకుంటే మాత్రం, అక్క నిలబడి ఉండేది.

"ఏంట్రా, దయ్యాన్ని చూసినట్టు చూస్తావ్?"

గొంతు కూడా నాన్నదే. బొంగురు, బరువు.

ఏటా వానలకు ముందు అక్కకు బూట్లు కుట్టేవాడు తమ్ముడు. గోడకు వేలాడే కొయ్య పాదం అచ్చుల్లో ఆమెదొకటి. దాని మడమ మీద పెన్సిలుతో ఆమె కొలత. మూడేళ్ళ కిందట టేపు చుట్టినప్పుడు పాదం అచ్చును దాటింది. నలభై నిండిన మనిషికి పాదం పెరుగుతుందా? తప్పు తన చేతిదేననుకున్నాడు. "కొలత తప్పినవాడు తోలు ముట్టకూడదు" అనేవాడు నాన్న. సిగ్గుపడి, రాసిన కొత్త అంకెను గరుకు కాగితంతో రుద్దేసి, అచ్చుకు తోలుముక్క అతికించి, అక్కకు చెప్పకుండా కుట్టి ఇచ్చాడు. మరుసటేడూ, నిరుడూ అంతే.

ఈ ఏడు ఏ ముక్కా చాలలేదు. చెయ్యి దానంతటదే నాన్న అచ్చును అందుకుంది. పాదం పక్కన పెట్టి చూస్తే, నూలుపోగు తేడా లేదు. అచ్చును చటుక్కున కింద పెట్టేశాడు.

అక్క నవ్వింది. పళ్ళ మధ్య కొత్త సందులు. "నీ టేపు ముసల్దయిపోయిందిరా. దాన్ని వదిలేసి నా కాళ్ళని చూస్తావేం?" అంటూ లేచి, వెళ్తూ వెళ్తూ తలుపు రెక్కకు భుజం కొట్టుకుంది. ఆ నెలలో అది నాలుగోసారి. పక్కనే ఉన్న తలుపు ఆమెకు కనబడలేదు.

దయ్యం భయం పోయి అక్క గురించిన భయం పట్టుకుంది. మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ స్కాన్ ఫిల్మును వెలుతురుకు పట్టింది. "ఇదిగో, పీయూష గ్రంథి. పుర్రె అడుగున చిన్న ఎముక గుంటలో బఠాణీ గింజంత ఉండాలి. గొంతులో థైరాయిడ్, కిడ్నీల మీది గ్రంథులు, అన్నీ దీని మాటే వింటాయి. కన్నీళ్ళ గ్రంథికి, ఉమ్మి గ్రంథికి బయటికి దారుంటుంది. వీటికి ఉండదు, తయారైంది నేరుగా నెత్తుట్లో కలిపేస్తాయి. ఇందులో గడ్డ లేచి, ఎదుగుదల హార్మోన్ ఆగకుండా కలుపుతోంది. గొంతు బొంగురుపోవడం, పళ్ళ మధ్య సందులు దాని పనే. పైగా కంటి నరాన్ని నొక్కుతోంది. తీసెయ్యకపోతే చూపు మొత్తం పోతుంది. పాదాలు ఎప్పట్నించి పెరుగుతున్నాయమ్మా?"

"పెరుగుతున్నాయా?" అంది అక్క. "బూట్లు ఎప్పుడూ బిగుతవలేదండీ."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. జేబులోని టేపు తమ్ముడి పిడికిట్లో నలిగింది.

"మూడేళ్ళు," అన్నాడు. "మొదటేడు బియ్యపు గింజంత. రెండో ఏడు రెండు గింజలు. నిరుడు మూడు."

అక్క తల మొత్తం తిప్పి అతణ్ణి చూసింది. కంటి కొసలతో చూసే రోజులు పోయాయి.

గడ్డ తీశారు. కుడి కంటి కొస వెలిగింది. ఎడమ కంటి కొసన చీకటి అలాగే ఉండిపోయింది. ముఖం వాపు దిగింది. ఎదిగిన ఎముకలు వెనక్కి రావని డాక్టరమ్మ ముందే చెప్పింది. పాత గొంతూ తిరిగి రాలేదు.

మరుసటేడు, వానలకు ముందు, మెట్ల మీద అవే అడుగులు. అక్క బల్ల మీద కూర్చుని పాదం చాపింది. తమ్ముడు మోకాళ్ళ మీద వంగి టేపు చుట్టాడు, తలెత్తలేదు. నిరుటి కొలతే. నాన్న అచ్చు మడమ మీద ఆ అంకె రాశాడు. ఆమెకు కనబడే కుడివైపున, అతని అలవాటుపడిన చెయ్యి గరుకు కాగితం వైపు పాకింది.

"రుద్దకురా," అంది అక్క, నాన్న గొంతుతో.