మీ తాజా పోస్టు చదివి ఎంతో ఆనందించాను

నేను ఒక సందేశాన్ని. పైన ఎవరి పేరైనా పట్టేలా ఒక ఖాళీ వదిలి, కింద ఎవరి సంతకమైనా ఇమిడేలా ఇంకో ఖాళీ వదిలి తయారుచేసిన రెడీమేడ్ సందేశాన్ని. కాళ్ళు లేవు గానీ నేను తిరగని ఊరు లేదు, కుదురుగా ఒక్కచోట ఉన్న పూట లేదు. మీతో ఈ నాలుగు ముక్కలు చెప్పుకుంటున్నానా, ఇదే నిమిషంలో ఎవరో నన్ను కాపీ కొట్టి ఇంకెక్కడో అతికిస్తూ ఉంటారు. కాబట్టి గబగబా చెప్పేస్తాను, కాస్త చెవి ఇటు పెట్టండి.

పుట్టింది విజయవాడలో. లిఫ్టు పనిచెయ్యని ఒక భవనం మూడో అంతస్తులో విశ్వపతి గారని ఒక పెద్దమనిషి నిరుద్యోగులకు ఇంటర్వ్యూ మెళకువలు నేర్పుతూ ఉండేవారు. ఉద్యోగస్తులు ఒకరినొకరు పరిచయం చేసుకునే సైటు ఉంది చూశారా, అందులో పెద్దవాళ్ళకు ఎలా రాయాలో చెప్పడానికి ఆయనకు ఒక నమూనా కావలసి వచ్చింది. పాత ఉత్తరాలు మూడు ముందేసుకుని తలా ఒక వాక్యం లాగి, సమోసా తినడం పూర్తయ్యేలోపు నన్ను తయారుచేసేశారు. అతుకుల బొంతనన్నమాట. పుట్టుక ఇంగ్లీషులోనే అయినా, నన్ను వాడినవాళ్ళంతా నా గురించి గొణుక్కున్నది తెలుగులోనే కనుక ఆ భాష నాకు బాగా పట్టుబడింది. తెలుగులో చెబితే నా ఒళ్ళంతా కలిపి ఇంతే:

"గౌరవనీయులైన ఫలానా గారికి. మీ తాజా పోస్టు చదివి ఎంతో ఆనందించాను, స్ఫూర్తి పొందాను. మీవంటి అనుభవజ్ఞుల మార్గదర్శకత్వంలో ఎదగాలని నా ఆకాంక్ష. తగిన అవకాశం ఉంటే తెలియజేయగలరు."

వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "సార్, మరి ఆ పోస్టు చదవాలి గదండీ?" అని అడిగాడు.

"వంద మందికి పంపేటప్పుడు వంద పోస్టులు ఎక్కడ చదువుతావయ్యా? పొగిడితే ఎవరికి చేదు? పంపుకుంటూ పో!" అన్నారు విశ్వపతి గారు.

అక్కణ్ణుంచి మొదలైంది నా తిరుగుడు. ఒకడు నన్ను మధ్యాహ్నం లోపు రెండువందల మందికి పంపాడు. ఇంకొకామె పైన పేరు మార్చడం మర్చిపోయి, ఒక పంతులుగారి పేరుతో నన్ను ఒక సిమెంటు ఫ్యాక్టరీ మేనేజరుకు పంపింది. ఒక మహానుభావుడైతే పెళ్ళిసంబంధాల సైటులో కూడా అతికించాడు. ఆ అమ్మాయి, "నా మార్గదర్శకత్వంలో ఎదుగుతాడంట, చూడమ్మా!" అని తల్లికి చూపించి పడీపడీ నవ్వింది. ఆ సంబంధం కుదిరిందో తప్పిందో నాకు తెలీదు. అంతసేపు నన్నెవరుంచారు గనక! ఎదుటివాళ్ళు నన్ను తెరుస్తారు, మొదటి వాక్యం దగ్గరే పోల్చుకుంటారు, మూసేస్తారు. మొదట్లో ఏడుపొచ్చేది. తరవాత తరవాత మొద్దుబారిపోయాను.

అలా తిరిగి తిరిగి ఒక వాట్సాప్ ఉద్యోగాల గ్రూపులో తేలి, అక్కణ్ణుంచి భీమవరంలో సత్యవేణి ఫోనులోకి వచ్చి పడ్డాను.

సత్యవేణి రొయ్యలకు రోగాలున్నాయో లేవో పరీక్ష చేసే ల్యాబ్‌లో పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. రైతులు సంచుల్లో తెచ్చిన రొయ్య పిల్లను చూసి, ఇది చెరువులో వెయ్యవచ్చు, ఇది వద్దు అని తేల్చి చెప్పే మనిషి. పనిలో ఆమెను మించినవాళ్ళు లేరు, నోరు విప్పి ఒకరిని ఏదైనా అడగాలంటే మాత్రం చచ్చే చావు. ల్యాబ్ యజమానికి పెద్దతనం వచ్చి, ఓపిక లేక, నెలాఖరుకు మూసేస్తున్నానని చెప్పేశారు. సత్యవేణి అన్నగారు వెంటనే కబురు పెట్టాడు: "దిగులెందుకే, మన బట్టల షాపులో బిల్లు కౌంటరు ఖాళీగానే ఉంది. వచ్చి కూర్చో." ఆయన ప్రేమతోనే అన్నాడు. ఈమెకు మాత్రం ఆ మాట గుర్తొస్తే అన్నం దిగడం లేదు. ఇన్నేళ్ళ చదువూ, చెయ్యీ, కన్నూ చీరల మడతల్లో కలిసిపోవడమేనా అని ఆమె బాధ. నెలాఖరులోపు ఏదో ఒక ల్యాబ్‌లో చోటు దొరకాలి. లేదంటే బట్టల కొట్టే గతి.

మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండానే నన్ను ముప్ఫై ఎనిమిది మందికి పంపింది. హేచరీలు నడిపేవాళ్ళు, అంటే రొయ్య పిల్లను పుట్టించి అమ్మేవాళ్ళు, మేతల కంపెనీల వాళ్ళు, ల్యాబ్‌ల వాళ్ళు, కనిపించిన ప్రతి పేరుకూ పంపింది. ఇక ఆమె ఒకచోట నిలిస్తే ఒట్టు. పది నిమిషాలకోసారి గ్లౌజు తీసి ఫోను చూడ్డం, మళ్ళీ కొత్త గ్లౌజు తొడుక్కోవడం. కౌంటరులో సంచులు తీసుకునే మేరీకమల, వయసులో పెద్దది, ఇదంతా చూసి ఊరుకోలేకపోయింది.

"ఏవే సత్తీ, గ్లౌజుల డబ్బా ఖాళీ అయిపోయేలా ఉంది. ఆ ఫోనుకేసి చూసే బదులు నాకేసి చూడు, కనీసం పలుకుతాను!"

"ముప్ఫై ఎనిమిది మందక్కా! ఒక్కరంటే ఒక్కరు పలకరేంటి?"

నేనేం చెప్పను? నాకు తెలుసు ఎందుకు పలకరో. చెప్పే నోరు లేదు.

మూడో రోజు ఫోను మోగింది. నెల్లూరు అవతల సముద్రపొడ్డున హేచరీ నడిపే పెంచలయ్య గారి దగ్గర్నుంచి జవాబు. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. సత్యవేణి ఎగిరి గంతేసినంత పని చేసి తెరిచింది. ఒక్కటే వాక్యం:

"ఏందమ్మా, నా పోస్టులో నీకు ఆనందం యాడ కనపడింది?"

వెంటనే ఆ పెద్దాయన పేజీకి వెళ్ళింది. నన్ను పంపేటప్పుడు చూడని పోస్టును ఇప్పుడు చూసింది. ఆయన రాసుకున్నారు: "ఈరోజు పద్దెనిమిది ట్యాంకుల్లో మందు పోసి, ఉన్న పిల్లనంతా చంపి ఖాళీ చేశాను. ఇరవై ఆరేళ్ళలో ఇలా ఎప్పుడూ చెయ్యలేదు. అమ్మే ముందు పిల్లకు రెండుసార్లు పరీక్ష చేయించాను. రెండుసార్లూ రోగం లేదనే వచ్చింది. నన్ను నమ్మి కొన్న రైతుల చెరువుల్లో వారం తిరక్కుండా తెల్లమచ్చ రోగం వచ్చి రొయ్యంతా తేలిపోయింది. తప్పెక్కడ జరిగిందో తెలియడం లేదు. వాళ్ళకు ముఖం ఎలా చూపించాలో అంతకన్నా తెలియడం లేదు." కింద ట్యాంకులవీ, ల్యాబ్‌వీ నాలుగు ఫోటోలు పెట్టారు.

ఆ పోస్టు పెట్టిన మనిషి ముందు, అదిగో, ఆనందించానంటూ నేను! ఎన్నో చోట్ల పరువు పోగొట్టుకున్నాను గానీ, ఇంత సిగ్గు నాకు ఎన్నడూ కలగలేదు. సత్యవేణి అయితే స్టూలు మీద కూలబడి, "చచ్చాను దేవుడా! చావింటికెళ్ళి శుభలేఖ ఇచ్చొచ్చాను కదక్కా" అని తల పట్టుకుంది.

ఆ ఉద్యోగాల గ్రూపులో గోడు వెళ్ళబోసుకుంటే ఎవరో నిమిషంలో ఒక క్షమాపణ పంపారు. అది నా వేలువిడిచిన చెల్లెలు లెండి. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను" అని మొదలవుతుంది. సత్యవేణి దాన్ని అతికించబోతుంటే మేరీకమల చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆఖరికి క్షమాపణ కూడా అరువు తెచ్చుకుంటావేంటే? నీకు నోరు లేదా, మాటలు లేవా? చేసిన తప్పు నీది, చెప్పే మాటా నీదే అవ్వాలి."

ఆ సాయంత్రం సత్యవేణి ఆ పోస్టును నాలుగుసార్లు చదివింది. ఫోటోలను వేళ్ళతో పెద్దవి చేసి చూసింది. మూడో ఫోటో దగ్గర ఆగిపోయింది. ముందుకు వంగి చూసింది, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. అప్పటిదాకా ఏడుపు ముఖంతో ఉన్న మనిషి ఒక్కసారిగా పనిమంతురాలైపోయింది.

మర్నాడు పని మధ్యలో, తీరిక దొరికినప్పుడల్లా ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం పదకొండుసార్లు రాసి చెరిపింది. నేనూ అదే ఫోనులో ఉన్నాను కదా, అంతా చూస్తూనే ఉన్నాను. సమోసా తినేలోపు పుట్టినవాణ్ణి, ఒక వాక్యానికి ఇంత పురుడు ఉంటుందని నాకేం తెలుసు! చివరికి ఇలా తేలింది:

"పెంచలయ్య గారికి నమస్కారం. మీ పోస్టు చదవకుండానే చదివానని రాశాను. అది అబద్ధం. ఆ మాటలు నావి కావు, ఎవరో ఇస్తే అతికించాను. ఇప్పుడు చదివాను. మీ బాధ చూశాక నా మీద నాకే అసహ్యం వేసింది. నేను భీమవరంలో పన్నెండేళ్ళుగా రొయ్య పరీక్షలు చేస్తున్నాను. మీ మూడో ఫోటోలో పరీక్షకు సిద్ధం చేసిన గొట్టం ఉంది. అందులో నల్లటి నలకలు కనిపిస్తున్నాయి. పిల్లను కళ్ళతో సహా నూరారేమోనని నా అనుమానం. రొయ్య కంట్లో ఉండే పదార్థం ఈ పరీక్షను పనిచెయ్యనివ్వదు, రోగం ఉన్నా లేదనే వస్తుంది. కొత్తలో మేమూ ఆ తప్పు చేసి తిట్లు తిన్నాం. ఆ పిల్లలో కొంత ఫ్రీజరులో దాచి ఉంటే, కళ్ళు తీసేసి ఇంకొక్కసారి చూడండి. నేను పొరబడి ఉంటే మన్నించండి."

మేరీకమల చదివి, "బాగుందే. మరి ఉద్యోగం ఊసెక్కడా లేదేంటి? నెలాఖరుకు తొమ్మిది రోజులే ఉంది" అంది.

"ఎలా రాయనక్కా? ఆయన తల మీద పిడుగు పడి కూర్చున్నారు. ఇప్పుడెళ్ళి నాకేం పెడతారని అడగనా?" అని, మేరీకమల మళ్ళీ నోరెత్తేలోపే పంపేసింది.

నిజం చెప్పొద్దూ, నాకు ఆ ఉత్తరాన్ని చూస్తే కుళ్ళు పుట్టింది. అది ఒక్క మనిషికే పనికొస్తుంది. దాన్ని ఎత్తుకెళ్ళి ఇంకొకరికి పంపాలన్నా కుదరదు.

జవాబు మాత్రం రాలేదు. చూసినట్టు గుర్తు పడింది, అంతే. ఒక రోజు, రెండు రోజులు, అయిదు రోజులు. ల్యాబ్‌లో యంత్రాలకు గోతాలు చుట్టారు. అలమరల్లో సీసాలు దించేశారు. అన్నగారు ఫోను చేసి, షాపులో కుర్చీకి కొత్త దిండు వేయించానన్నాడు. సత్యవేణి చేసే పని లేక ఉత్త గదుల్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. కూర్చోమంటే కూర్చోదు, తినమంటే తినదు. "నేనేమన్నా తప్పు చూశానా అక్కా? ఆ నలకలు కళ్ళు కావేమో? పుండు మీద కారం చల్లానేమో?" అని మేరీకమలను గంటకోసారి వేపుకు తింది. ఉద్యోగం పోతున్న భయం కంటే ఆ పెద్దాయన్ను రెండోసారి కూడా నొప్పించానేమోనన్న భయమే ఎక్కువైపోయింది ఆమెకు.

ఆఖరి రోజు, తాళం వెయ్యడానికి యజమాని వస్తారనగా, ఫోను వచ్చింది. రాత కాదు, గొంతు.

"అమ్మా, సత్యవేణేనా? నేను పెంచలయ్యని మాట్లాడతా ఉండా."

ఆమె మేరీకమలను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది.

"కళ్ళు తీసి చూపిచ్చినాం. అయిదు నమూనాలు దాచిపెట్టుంటే మూడిట్లో రోగం ఉంది. మా ల్యాబ్‌లో పనిచేసే పిల్లోళ్ళు పని తొరగా అయిపోవాలని కళ్ళతోనే నూరేస్తా ఉండారంట. వాళ్ళకి సరిగ్గా నేర్పియ్యనిది నేనే గదా! నిన్న రైతులందర్నీ కూర్చోబెట్టి, తప్పు మాదేనని ఒప్పుకున్నా. తిట్టినారు. తిట్టనీ. కారణం తెలిసింది, ఇప్పుడు వాళ్ళ ముఖం చూడగలుగుతా ఉండా."

"మంచిదండి" అంది సత్యవేణి.

"ఒక మాట అడగతా, చెప్పు. మొదట పంపిన దాంట్లో అవకాశం ఉంటే చెప్పమన్నావు. రెండోదాంట్లో ఆ మాటే లేదే?"

"అడగబుద్ధి కాలేదండి."

"అందుకే నేను అడగతా ఉండా. మా ల్యాబ్ నువ్వు చూసుకుంటావా? మా పిల్లోళ్ళకి పని నేర్పిస్తావా?"

సత్యవేణి "ఆయ్" అంది. ఇంకా ఏదో అనబోయి ఏడుపు వచ్చి, ఫోను మేరీకమల చేతిలో పెట్టేసింది. మేరీకమల కళ్ళు తుడుచుకుంటూనే, "వస్తాదండీ, తప్పకుండా వస్తాది! దగ్గరుండి బండెక్కించే పూచీ నాది" అని కేక పెట్టింది.

నెల్లూరు బండెక్కిన రోజు, కిటికీ పక్క సీట్లో కూర్చుని సత్యవేణి నన్ను తెరిచింది. మొదటిసారి నన్ను ఆసాంతం చదివింది. కోపంగా చూస్తుందనుకున్నాను. "పాపం" అంది, నన్నో, నన్ను నమ్ముకున్న తననో తెలీదు. తరవాత తీసిపారేసింది. బాధ కలగలేదు నాకు. ఇన్నాళ్ళ తిరుగుడులో నన్ను పూర్తిగా చదివిన మనిషి ఆమె ఒక్కతే.

ఆ ఫోనులో చచ్చిపోయాను గానీ, వేల ఫోనుల్లో బతికే ఉన్నాను. ఈపాటికి బయల్దేరాను కూడా. ఏదో ఒక రోజు మీ దగ్గరికీ వస్తాను. మీ పోస్టు చదివి ఎంతో ఆనందించానంటాను. మీరు నవ్వుకుంటారు, లేదంటే విసుక్కుంటారు. విసుక్కోండి, నేను దానికే తగుదును. కానీ మూసేసే ముందు కింద ఉన్న పేరు ఒక్కసారి చూడండి. అక్కడ ఎవరో ఒకరు, ఎలా అడగాలో తెలియక నన్ను ముందు నడిపించి, నా వెనక నిలబడి ఉంటారు. పెంచలయ్య గారు కోప్పడ్డారు. కోప్పడటానికైనా ఆ మనిషికి ఒక మాట రాశారు. మిగతా ముప్ఫై ఏడు మందీ నన్ను మూసేశారు.