శుక్రవారం కడిగిన దుకాణం

కోర్టుల చుట్టూ తిరిగితే చెప్పులు అరుగుతాయంటారు. చెప్పులదేముంది, కొత్తవి కొనుక్కోవచ్చు. శశికళకు మోకాళ్లే అరిగిపోయాయి. ఇవాళ తీర్పు. నాంపల్లి క్రిమినల్ కోర్టు మెట్లు ఆమె చేత ఒక్కొక్కటే ఎక్కిస్తూ కూతురు రశ్మి ఒకటే మొక్కుకుంది: కేసు పోతే పోనీ, ఎందుకు పోయిందో మాత్రం అమ్మకు తెలియకూడదు.

పోతుందని రశ్మికి ముందే తెలుసు మరి. తండ్రి శ్యామ్‌సుందర్‌కు ఆబిడ్స్ సందులో గడియారాల దుకాణం ఉండేది. పక్క దుకాణం బిచ్చయ్యతో మెట్ల దగ్గర జాగా కోసం తగాదా. ఒక పొద్దున, సందులో ఇంకా ఎవరూ దుకాణాలు తెరవకముందే, షట్టర్ లాగే ఇనుప కొక్కెం రాడ్డుతో ఎవరో ఆయన తల పగలగొట్టారు. ఎవరో ఏమిటి, నా బొంద! బిచ్చయ్య అరుపులు మేడ మీది ఇళ్లన్నీ విన్నాయి. కళ్లతో చూసినవాడే లేడు. శ్యామ్‌సుందర్ దవాఖానలో కళ్లు తెరవకుండానే పోయాడు.

ఆ రోజు శుక్రవారం. కబురందగానే తల్లీకూతుళ్లు దుకాణానికి పరుగెత్తుకొచ్చారు. అంబులెన్సులో ఒక్కరికే చోటంటే రశ్మి ఎక్కింది. దుకాణానికి తాళం వేసి వెనకాలే ఆటోలో వద్దామనుకుంది శశికళ. తాళం వేయబోతూ లోపలికి చూసింది. మనిషి బతికి వస్తాడనే ఆమె నమ్మకం. వచ్చేసరికి గల్లాపెట్టె ముందు నెత్తురుంటే, అదీ శుక్రవారం పూట, లక్ష్మి నిలుస్తుందా? బిందెలకొద్దీ నీళ్లు పోసింది. పసుపునీళ్లు చల్లి, గడప ముందు ముగ్గేసి, ఊదుబత్తి వెలిగించింది. కింద పడి ఉన్న కొక్కేన్ని కూడా తోమి, మేకుకు తగిలించి మరీ వెళ్లింది. పోలీసులు వచ్చేసరికి దుకాణం పండగ పూట పూజగదిలా ఉంది.

సాక్ష్యం చెప్పిన రోజు బిచ్చయ్య వకీలు ఎంతో మర్యాదగా అడిగాడు.

"అమ్మా, ఆ రాడ్డు మీరే కడిగిన్రా?"

"ఔ సార్. మంచిగ తోమిన. జర మరక గూడ ఉంచలే," అంది శశికళ, ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పుకున్నట్టు.

వకీలు నవ్వుకుని కూర్చున్నాడు. ఎందుకు నవ్వాడో రశ్మికి అర్థమైపోయింది. ఆనాటి నుంచీ తల్లి ముఖంలోకి సూటిగా చూడలేక చస్తోంది పాపం.

తీర్పు చదవడం టీ చల్లారేలోగా అయిపోయింది. అంతా ఇంగ్లీషే. ప్రభుత్వ వకీలు నర్మద మేడం ఫైళ్లు చంకన పెట్టుకుని వరండాలోకి వచ్చింది.

"వదిలేశారమ్మా. సాక్ష్యాలు చాలలేదన్నారు. ఆ రాడ్డు మీద వేలిముద్రలు గనక..."

"సందులోళ్లు మాట మార్చిన్రమ్మా, గందుకే," అని అడ్డుపడింది రశ్మి.

"ఔనా బిడ్డా," అంది శశికళ. కూతురి భుజం పట్టుకుని మెట్ల వైపు నడిచింది.

హమ్మయ్య అనుకుంది రశ్మి. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది. తండ్రిని చంపినవాడు చేతులు దులుపుకుని పోతుంటే హమ్మయ్యేమిటి, ఛీ!

గేటు బయట ఎంతసేపు నిలబడ్డా ఆటో ఆగలేదు. మొజంజాహీ మార్కెట్ దాకా బండ్లు ఇరుక్కుపోయి ఉన్నాయి. అంతలో బిచ్చయ్య వచ్చాడు. తలొంచుకుని పోవచ్చుగా? పోలేదు. దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.

"వదినా, ఇన్నేండ్లు నింద మోసిన. ఆఖరికి ఆ దేవుడే నన్ను కాపాడిండు."

శశికళ కూతురి భుజం మీంచి చెయ్యి తీసింది.

"దేవుడు గాదు బిచ్చయ్యా," అంది. గొంతులో కోపం కూడా మిగల్లేదు. "నేను కాపాడిన. నా చేతులతోటి తోమి తోమి కాపాడిన."

బిచ్చయ్య జనంలో కలిసిపోయాడు. రశ్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏడ్వకు బిడ్డా," అంది శశికళ. "గా వకీలు నవ్విన నాడే నాకు తెల్సింది. నీకు తెలియొద్దని దేవునికి మొక్కుకున్న."